సిస్కో అకాడమీ మూడు కోర్సులు, ప్యాకెట్ ట్రేసర్: సీసీఎన్‌ఏకి ఎంతవరకు చదవాలి?

తిరుపతిలో ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్నా, బాలాజీ కాలనీ వైపు ఏదో కోచింగ్‌లో చేరినా, నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో పెట్టే సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్‌ఏ అనగానే చేతికొచ్చేవి రెండే. ఒకటి సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ పాఠాలు, రెండోది కంప్యూటర్‌లోనే రౌటర్లు, స్విచ్‌లు పెట్టి సాధన చేసుకునే ప్యాకెట్ ట్రేసర్. పాఠాలు మూడు కోర్సులుగా ఉంటాయి. ఇంట్రడక్షన్ టు నెట్‌వర్క్స్‌లో 17 మాడ్యూళ్లు, స్విచింగ్-రౌటింగ్-వైర్‌లెస్ కోర్సులో 16, ఎంటర్‌ప్రైజ్ నెట్‌వర్కింగ్-సెక్యూరిటీ-ఆటోమేషన్‌లో 14. మొత్తం 47. ఇవన్నీ అక్షరం పొల్లుపోకుండా చదివితే పరీక్షకు అవసరం లేనివి చాలా తలకెక్కుతాయి, అవసరమైనవి కొన్ని మిగిలిపోతాయి. ఈ సమీక్ష అందుకే. మార్కులు ముందే చెప్పేస్తాం: ప్యాకెట్ ట్రేసర్‌కి 5కి నాలుగున్నర, పాఠాలకి మూడున్నర. పాఠాల్లో తప్పులున్నాయని కాదు ఆ మూడున్నర. పరీక్ష కొలత వేరు, పాఠాల కొలత వేరు.

పరీక్ష కొలత ఎక్కడుందంటే సిస్కో ఉచితంగా పెట్టే ఎగ్జామ్ టాపిక్స్ పత్రంలో. ఇప్పుడు నడుస్తున్నది 200-301, వెర్షన్ 1.1. ఇది 2024 ఆగస్టు 20 నుంచి అమల్లోకి వచ్చింది. సమయం 120 నిమిషాలు. నెట్‌వర్క్ ఫండమెంటల్స్ 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్ 20, ఐపీ కనెక్టివిటీ 25, ఐపీ సర్వీసెస్ 10, సెక్యూరిటీ 15, ఆటోమేషన్ 10. చాలామంది ఈ శాతాలు చూసి పత్రం మూసేస్తారు. అసలు సంగతి శాతాల్లో లేదు, ప్రతి అంశం ముందున్న క్రియాపదంలో ఉంది.

'కాన్ఫిగర్ అండ్ వెరిఫై' అని ఉంటే ఖాళీ రౌటర్ ముందు కూర్చోబెట్టినా నోట్సు చూడకుండా చేయగలగాలి, చెడిపోయినదాన్ని షో కమాండ్లతో పట్టుకోగలగాలి. 'ఇంటర్‌ప్రెట్' అంటే తెరమీది అవుట్‌పుట్ చదివి జవాబు చెప్పాలి, టైపింగ్ పని లేదు. 'ఎక్స్‌ప్లెయిన్', 'డిస్క్రైబ్', 'కంపేర్' అంటే అది ఏమిటి, ఎందుకు, దాని పక్కదానికీ దీనికీ తేడా ఏమిటి అన్నంతవరకే. రౌటర్లు దారులు తెలుసుకునే ఓఎస్‌పీఎఫ్ అనే ప్రోటోకాల్ పక్కన 'కాన్ఫిగర్' ఉంది, పైగా సింగిల్ ఏరియా, వెర్షన్ 2 అని హద్దు కూడా గీశారు. ఒక గేట్‌వే రౌటర్ పడిపోతే ఇంకొకటి అందుకునేలా చేసే హెచ్‌ఎస్‌ఆర్‌పీ లాంటి ఫస్ట్ హాప్ ప్రోటోకాళ్ల పక్కన ఉన్నది 'డిస్క్రైబ్' మాత్రమే. అలాంటప్పుడు హెచ్‌ఎస్‌ఆర్‌పీ ల్యాబుల మీద వారం గడిపి ఓఎస్‌పీఎఫ్‌కి రెండు సాయంత్రాలు ఇవ్వడం లెక్క తప్పినట్టే.

ఇక్కడో మెలిక ఉంది. ఆ పత్రం పైభాగంలోనే, ఇవి మార్గదర్శకాలు మాత్రమే, సంబంధమున్న ఇతర అంశాలూ రావచ్చని సిస్కో రాసి పెట్టుకుంది. ఈ ఒక్క వాక్యం చూసి భయపడి ఈఐజీఆర్‌పీ, బీజీపీ అనే ఇతర రౌటింగ్ ప్రోటోకాళ్లు, ఊళ్ల మధ్య లింకుల పాత పద్ధతి ఫ్రేమ్ రిలే దాకా వెళ్లేవాళ్లున్నారు. అంత దూరం అక్కర్లేదు. 'సంబంధమున్న' అంటే ఎంతో ఈఐజీఆర్‌పీనే ఉదాహరణగా తీసుకుందాం. దాన్ని కాన్ఫిగర్ చేయమని జాబితాలో ఎక్కడా లేదు. కానీ రౌటింగ్ టేబుల్ చదవమని ఉంది. టేబుల్‌లో ఒక లైన్ ముందు డి అనే అక్షరం కనిపిస్తే అది ఈఐజీఆర్‌పీ అని, దాని అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (దారిని ఎంత నమ్మాలో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 90 అని తెలియాలి. కనెక్టెడ్ 0, స్టాటిక్ 1, ఎక్స్‌టర్నల్ బీజీపీ 20, ఓఎస్‌పీఎఫ్ 110, రిప్ 120. ఈ వరుస తెలిస్తే అక్కడితో ఆపేయొచ్చు. జాబితాలోని అంశానికి జవాబు చెప్పడానికి పక్కవీధిలోకి ఎంత తొంగిచూడాలో అంతే చూడండి, అక్కడ ఇల్లు కట్టుకోవద్దు.

ఆ వరుస కంఠస్థం చేసినవాళ్లు కూడా తప్పే చోటు ఒకటుంది. టేబుల్‌లో 10.1.0.0/16 ఓఎస్‌పీఎఫ్ ద్వారా, 10.1.1.0/24 రిప్ ద్వారా, 10.1.1.0/25 స్టాటిక్‌గా ఉన్నాయనుకోండి. ప్యాకెట్ 10.1.1.200కి వెళ్లాలి. డిస్టెన్స్ తక్కువని స్టాటిక్ ఎంచుకుంటే తప్పు, ఎందుకంటే /25 పరిధి 127 దగ్గరే అయిపోతుంది. రిప్ కన్నా ఓఎస్‌పీఎఫ్ మేలని /16 ఎంచుకున్నా తప్పే. గమ్యానికి సరిపోయేవాటిలో ప్రిఫిక్స్ (గీత తర్వాతి అంకె) పొడవుగా ఉన్నది /24, అందువల్ల ప్యాకెట్ రిప్ దారిలోనే పోతుంది. డిస్టెన్స్ పోలిక ఒకే ప్రిఫిక్స్‌ని ఇద్దరు చెప్పినప్పుడు మాత్రమే. 25 శాతం వెయిటేజీ ఉన్న భాగానికి ఇలాంటి లెక్కలే ప్రాణం, ఈ విషయంలో అకాడమీ పాఠాలు బాగానే ఉన్నాయి. రెండో కోర్సు 14, 15, 16 మాడ్యూళ్లు, మూడో కోర్సు మొదటి రెండు మాడ్యూళ్లు ఒక్క పేజీ కూడా వదలొద్దు.

సబ్‌నెటింగ్‌కి, అంటే నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టే లెక్కలకి, మొదటి కోర్సు 11వ మాడ్యూల్ ఉంది. వివరణ చక్కగా ఉంటుంది గానీ సాధన చాలదు. 172.16.45.14/20 అని చూడగానే మూడో ఆక్టెట్‌లో 16 చొప్పున బ్లాకులు, 45 ఉన్న బ్లాకు 32 నుంచి 47, కాబట్టి నెట్‌వర్క్ 172.16.32.0, బ్రాడ్‌కాస్ట్ 172.16.47.255 అని అర నిమిషంలో తేలాలి. బైనరీలో రాసుకుంటూ కూర్చుంటే జవాబు వస్తుంది, సమయం పోతుంది. రోజూ ఇరవై లెక్కలు, పరీక్ష ముందురోజు దాకా.

ఇప్పుడు పాఠాల్లో ఎక్కువైనవి. రెండో కోర్సులో ఐపీవీ6 అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ వెర్షన్ 6 సర్వర్ పెట్టడం వివరంగా నేర్పుతారు. పరీక్ష జాబితాలో ఐపీవీ6 అడ్రసుల రకాలు, మాడిఫైడ్ ఈయూఐ-64, అడ్రస్ పెట్టి సరిచూడడం, స్టాటిక్ రూట్లు ఉన్నాయి, ఆ సర్వర్ లేదు. పరికరం తన ఐపీవీ6 అడ్రస్ తానే తయారుచేసుకునే స్లాక్ ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకుని ల్యాబు వదిలేయొచ్చు. మూడో కోర్సులో వాన్ కాన్సెప్ట్స్, నెట్‌వర్క్ డిజైన్ మాడ్యూళ్లు ఒకసారి చదివితే చాలు, నోట్సు రాయక్కర్లేదు. ఏ ట్రాఫిక్‌కి ముందు దారి ఇవ్వాలో చెప్పే క్యూఓఎస్ మాడ్యూల్‌లో క్లాసిఫికేషన్, మార్కింగ్, క్యూయింగ్, పోలీసింగ్, షేపింగ్ అనే మాటలకు అర్థం చెప్పగలిగితే చాలు, కమాండ్లు అడగరు.

తక్కువైనవి ఇంకా ముఖ్యం. అకాడమీ 7.0 పాఠాలు 2020 నాటి సిలబస్ కోసం రాసినవి. వాటిలో ఆటోమేషన్ దగ్గర ఆన్సిబుల్ అనే టూల్‌తోపాటు పప్పెట్, షెఫ్ కనిపిస్తాయి. 1.1లో ఆ రెండూ పోయి టెర్రాఫామ్ వచ్చింది. నెట్‌వర్క్ నిర్వహణలో ఏఐ, మెషీన్ లెర్నింగ్ అనే అంశం కొత్తగా చేరింది. స్విచ్‌ల మధ్య లూపులు రాకుండా చూసే స్పానింగ్ ట్రీలో రూట్ గార్డ్, లూప్ గార్డ్, బీపీడీయూ ఫిల్టర్, బీపీడీయూ గార్డ్ పేర్లు పెట్టి మరీ అడిగారు. కాలేజీలో ఏ వెర్షన్ పాఠాలు నడుస్తున్నాయో చూసుకుని ఈ నాలుగింటి సంగతి విడిగా చదవండి. ఏది పోర్టును ఎర్ర్-డిజేబుల్ చేస్తుంది, అంటే మూసేస్తుంది, ఏది రూట్-ఇన్‌కన్సిస్టెంట్ స్థితిలో నిలిపి తర్వాత తానే వదులుతుంది అన్నదే వాటి మధ్య అసలు తేడా. మొదటిది బీపీడీయూ గార్డ్, రెండోది రూట్ గార్డ్. వైర్‌లెస్ కంట్రోలర్ తెర కూడా పాఠాల్లో పలుచనే. డబ్ల్యూలాన్ (వైఫై నెట్‌వర్క్) సృష్టించడం, డబ్ల్యూపీఏ2 పీఎస్‌కే పెట్టడం, ఏ ఇంటర్‌ఫేస్‌కి కట్టాలి, క్యూఓఎస్ ప్రొఫైల్ ఎక్కడుంటుంది అన్నవి తెరమీద చూసి గుర్తుపట్టగలగాలి.

ఇక ప్యాకెట్ ట్రేసర్. డబ్బు కట్టక్కర్లేదు, అకాడమీ ఖాతా ఉంటే చాలు. మామూలు లాప్‌టాప్ మీద నడుస్తుంది. పరీక్ష జాబితాలో 'కాన్ఫిగర్' అని ఉన్న అంశాలు దాదాపు అన్నీ ఇందులో చేయొచ్చు: స్విచ్‌ను విడి నెట్‌వర్క్‌లుగా చేసే విలాన్లు, వాటిని మోసే ట్రంకులు, లింకులను కలిపే ఎల్‌ఏసీపీ ఈథర్‌చానల్, స్టాటిక్ రూట్లు, ఓఎస్‌పీఎఫ్, అడ్రసులు మార్చే నాట్, ట్రాఫిక్ వడపోసే ఏసీఎల్, రిమోట్ లాగిన్‌కి ఎస్‌ఎస్‌హెచ్, పోర్ట్ సెక్యూరిటీ, డీహెచ్‌సీపీ స్నూపింగ్. సిస్కో పరికరాల్లో నడిచే అసలు సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ కాదు, నమూనా మాత్రమే, అందుకే కొన్ని కమాండ్లు ఉండవు, కొన్నిటి అవుట్‌పుట్ కుదించి ఉంటుంది. సీసీఎన్‌ఏ వరకు ఆ లోటు పెద్దగా తగలదు. నిజమైన ఐఓఎస్ కావాలనుకుంటే సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ఉచిత శ్రేణిలో 5 నోడ్ల దాకా పెట్టుకోవచ్చు, కాకపోతే దానికి మెమరీ బాగా ఉన్న సిస్టమ్ కావాలి. మొదటి మూడు నెలలు దాని జోలికి వెళ్లొద్దు.

కొత్తవాళ్లు ట్రేసర్‌లో ఇరుక్కునే చోట్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. స్విచ్‌కి కేబుల్ పెట్టగానే లైటు అర నిమిషం నారింజ రంగులో ఉంటుంది. కేబుల్ తప్పని పీకి మళ్లీ పెడతారు, మళ్లీ అర నిమిషం మొదలు. అది స్పానింగ్ ట్రీ లిజనింగ్ 15, లెర్నింగ్ 15 సెకన్లు. ఫాస్ట్ ఫార్వర్డ్ బటన్ నొక్కితే అయిపోతుంది. మొదటి పింగ్‌లో ముందు ఒక చుక్క వచ్చి మిగతావి తగిలితే గాభరా పడొద్దు, గమ్యం హార్డ్‌వేర్ అడ్రస్ కనుక్కునే ఏఆర్‌పీ జవాబు వచ్చేలోపు మొదటి ప్యాకెట్ పోయింది. సిమ్యులేషన్ మోడ్‌లో అడుగడుగునా చూస్తే అది కళ్లకు కడుతుంది. రౌటర్‌లో అదనపు పోర్టుల మాడ్యూల్ బిగించాలంటే ముందు దాని పవర్ ఆపాలి. 3560 స్విచ్‌లో ట్రంక్ మోడ్ పెట్టేముందు ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ అని చెప్పాలి, లేకపోతే కమాండ్ తిరస్కరిస్తుంది. 2960లో అదే కమాండ్ కొడితే అసలు లేదంటుంది. కాలేజీ ల్యాబులో పాత వెర్షన్, ఇంట్లో కొత్తది ఉంటే ఇంట్లో సేవ్ చేసిన ఫైలు అక్కడ తెరుచుకోదు.

ఆటోమేటిక్‌గా శాతం చూపించే యాక్టివిటీ ఫైళ్ల విషయంలో ఒక హెచ్చరిక. అది ఎక్కువగా చూసేది మీరు రాసిన లైన్లు తన దగ్గరున్న జవాబుతో కలిశాయా లేదా అన్నది. అంకె 100 అయిందని ఆగిపోతే సగం పనే అయినట్టు. ల్యాబు పూర్తయ్యాక ఒక్కో లైను కావాలని చెడగొట్టి లక్షణం ఎలా ఉంటుందో చూడండి. పరీక్షలో వచ్చేది ఆ లక్షణమే.

ఓఎస్‌పీఎఫ్ పొరుగు కుదరకపోతే ఏరియా, హలో-డెడ్ టైమర్లు (మామూలు ఈథర్‌నెట్ మీద 10, 40), సబ్‌నెట్ మాస్క్, ప్యాసివ్ ఇంటర్‌ఫేస్, రౌటర్ ఐడీ ఒకటే కావడం, ఈ ఐదూ చూడాలి. ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) కలవకపోతే ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గర నిలిచిపోతుంది. ప్రాసెస్ ఐడీ రెండు వైపులా వేరుగా ఉన్నా ఏమీ కాదు, అయినా చాలామంది మొదట దాన్నే మారుస్తారు. ఫాస్ట్ ఈథర్‌నెట్‌కీ గిగాబిట్‌కీ కాస్ట్ 1గానే కనిపిస్తే అది రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ 100 ఎంబీపీఎస్ దగ్గర ఉండిపోవడం వల్ల. ఓఎస్‌పీఎఫ్‌కి బ్యాకప్‌గా ఫ్లోటింగ్ స్టాటిక్ పెడితే డిస్టెన్స్ 110 కన్నా పెద్దది ఇవ్వాలి, లేకపోతే బ్యాకపే అసలు దారి అయిపోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌లో ఆర్‌ఎస్‌ఏ కీ పుట్టకపోతే హోస్ట్‌నేమ్ ఇంకా రౌటర్ అనే ఉందేమో, డొమైన్ పేరు ఇచ్చారో లేదో చూడండి. కీ పుట్టాక కూడా లాగిన్ కాకపోతే రిమోట్ లాగిన్‌కి వాడే వీటీవై లైన్లలో లాగిన్ లోకల్ మరిచిపోయి ఉంటారు. నాట్ రాసినా అనువాదం జరగకపోతే నూటికి తొంభై పాళ్లు ఇంటర్‌ఫేస్‌ల మీద ఇన్‌సైడ్, అవుట్‌సైడ్ పెట్టలేదు. వేరే సబ్‌నెట్‌లోని డీహెచ్‌సీపీ సర్వర్‌కి హెల్పర్ అడ్రస్ క్లయింట్ల వైపు ఇంటర్‌ఫేస్ మీద ఇవ్వాలి, సర్వర్ వైపు కాదు.

నకిలీ డీహెచ్‌సీపీ సర్వర్లను అడ్డుకునే డీహెచ్‌సీపీ స్నూపింగ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. అప్‌లింక్‌ని ట్రస్టెడ్ చేసి, విలాన్ మీద ఆన్ చేసి, అంతా సరిగ్గా రాసినా పీసీకి ఐపీ రాదు. కారణం ఆప్షన్ 82. స్విచ్ తన సమాచారాన్ని క్లయింట్ అభ్యర్థనలో చేరుస్తుంది. రిలే అడ్రస్ సున్నాగా ఉండి ఆప్షన్ 82 ఉన్న ప్యాకెట్‌ని సిస్కో రౌటర్‌లోని డీహెచ్‌సీపీ సర్వర్ నమ్మదు, పడేస్తుంది. స్విచ్‌లో 'నో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఇన్ఫర్మేషన్ ఆప్షన్' అని కొడితే తీరిపోతుంది. నకిలీ ఏఆర్‌పీ జవాబులను ఆపే డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ ఈ స్నూపింగ్ టేబుల్ మీదే ఆధారపడుతుంది కాబట్టి స్టాటిక్ ఐపీ ఉన్న ప్రింటరో సర్వరో ఉంటే అది వెంటనే తెగిపోతుంది. దానికి ఏఆర్‌పీ ఏసీఎల్ రాయాలి, లేదా పోర్టును ట్రస్ట్ చేయాలి. పాఠాల్లో ఇవి కమాండ్ల వరుసగా వచ్చి వెళ్లిపోతాయి, ఎందుకు చెడుతుందో ట్రేసర్‌లో తన్నుకుంటేనే తెలుస్తుంది.

కోచింగ్ కావాలా అంటే, క్రమశిక్షణ కోసం కావాలంటే చేరండి. డబ్బు కట్టేముందు వాళ్ల సిలబస్ కాగితం అడగండి. అందులో రిప్, ఈఐజీఆర్‌పీ, ఫ్రేమ్ రిలే, పీపీపీలకు వారాలు కేటాయించి ఉంటే అది 2020 ఫిబ్రవరిలో ముగిసిన 200-125 నాటిదో అంతకు ముందుదో అయిన పాత కాగితం. వైర్‌లెస్ కంట్రోలర్, జేసన్, రెస్ట్ ఏపీఐ, టెర్రాఫామ్ అన్న మాటలు ఉన్నాయా చూడండి. ఒక్కొక్కరికి ఒక్కో సిస్టమ్ ఇస్తారా, ప్రొజెక్టర్ మీద చూపించి వదిలేస్తారా అని అడగండి. డంప్‌లు (లీకైన ప్రశ్నలు, జవాబులు) ఇస్తాం, పాస్ గ్యారంటీ అంటే మెట్లు దిగి వచ్చేయండి. డంప్‌లలో జవాబులే తప్పులుంటాయి, దొరికితే సిస్కో సర్టిఫికెట్ రద్దు చేసి మళ్లీ రాయనివ్వకుండా చేయగలదు.

వెడల్పు పెంచుకోవాలన్న కోరిక ఉద్యోగం కోసమైతే ఆ చదువు పరీక్ష తర్వాతకి పెట్టుకోండి. రేణిగుంట ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లోనో శ్రీసిటీ ఫ్యాక్టరీల్లోనో, పెద్ద ఆసుపత్రిలోనో నెట్‌వర్క్ పని అంటే అంతా సిస్కో కమాండ్లు కాదు. కెమెరాలకు పవర్ ఓవర్ ఈథర్‌నెట్ లెక్క వేయాలి, 802.3ఏఎఫ్ పోర్టుకి 15.4 వాట్లు, ఏటీ అయితే 30, మొత్తం స్విచ్ బడ్జెట్ దాటితే చివరి కెమెరాలు ఆరిపోతాయి. ఫైబర్ ప్యాచింగ్, ఏదో ఒక కంపెనీ ఫైర్‌వాల్ కూడా చూసుకోవాలి. ఇవి సీసీఎన్‌ఏతో కలిపి చదివితే రెండూ ఆలస్యమవుతాయి. మరీ మొదటి మెట్టు కావాలి, ఏ కంపెనీ పరికరమూ ముఖ్యం కాదు అనుకునేవాళ్లకు కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్ ఉంది. ఎన్10-009లో 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 100 నుంచి 900 స్కేల్ మీద 720 రావాలి. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. సీసీఎన్‌ఏ రాయబోయేవాళ్లు ముందు దీన్ని కూడా రాయడం డబ్బు దండగ అని మా అభిప్రాయం.

రోజుకు రెండు గంటలు పెట్టగలిగితే నాలుగైదు నెలలు చాలు. అందులో సగానికి పైగా ట్రేసర్ ముందు గడవాలి. ఆటోమేషన్ భాగాన్ని చివరి నెలకు పెట్టండి, మొదట్లో చదివితే గాల్లో ఉన్నట్టుంటుంది. సిస్లాగ్ స్థాయిలు 0 నుంచి 7, క్యాప్‌వ్యాప్ పోర్టులు 5246, 5247, 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లు, ఇలాంటి బట్టీ సరుకు చివరి రెండు వారాలకు వదిలేయండి.

ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. మన డబ్బుల్లో ముప్పై వేల చుట్టుపక్కల అవుతుంది, డాలరు రేటు చూసుకోండి. మూడో కోర్సును నిబంధనల ప్రకారం పూర్తిచేసిన విద్యార్థులకు అకాడమీ డిస్కౌంట్ వోచర్ ఇస్తుంది కాబట్టి కట్టేముందు ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి. బుకింగ్ పియర్సన్ వ్యూ ద్వారా. 517501 పిన్ కొట్టి దగ్గర్లో ఏ కేంద్రంలో ఏ తేదీలు ఖాళీ ఉన్నాయో చూసుకోవచ్చు. చెన్నై ఎంచుకుంటే మధ్యాహ్నం స్లాటు మేలు, తమిళుల పెరటాసి నెల శనివారాల్లోనూ తిరుమల బ్రహ్మోత్సవాల వారంలోనూ రద్దీలో ప్రయాణం పెట్టుకోవద్దు. ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ పద్ధతి కూడా ఉంది గానీ గదిలో ఇంకెవరూ ఉండకూడదు, ఎవరైనా తలుపు తీసినా పరీక్ష ఆపేయొచ్చు. హాస్టల్ గదుల్లో ఉండేవాళ్లకు అది కుదిరే పని కాదు. కరెంటు, నెట్ రెండూ రెండు గంటలు నిలబడతాయన్న నమ్మకం లేకపోతే కేంద్రానికే వెళ్లండి.

ఖాతా తెరిచేటప్పుడే పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టు అక్షరాలా రాయాలి. మనవాళ్లకు ఇంటిపేరు ఒక కార్డులో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉండడం మామూలే. ఆ తేడాతో గేటు దగ్గరే ఆపేస్తే ఫీజు వెనక్కి రాదు. పరీక్షలో ఒక ప్రశ్న దాటాక వెనక్కి వెళ్లే వీలుండదు, అందుకని ల్యాబు ప్రశ్నలో కాన్ఫిగరేషన్ సేవ్ చేయమని ఉంటే చేసి గానీ ముందుకు నొక్కొద్దు. తప్పితే ఐదు రోజులు ఆగి మళ్లీ పూర్తి ఫీజు కట్టి రాయొచ్చు. స్కోరు కాగితంలో ఒక్కో విభాగానికి శాతం ఇస్తారు, రెండోసారి చదువు అక్కడ తక్కువ వచ్చిన విభాగంతో మొదలుపెట్టండి.